పీహెచ్ ఒక్కటే చూస్తే చాలదు



ఆమ్లం, క్షారం, పీహెచ్, బఫర్... ఈ నాలుగు మాటల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. పదో తరగతి పిల్లలకు ఇవి పరీక్షలో వచ్చే ప్రశ్నలు. భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద నిలబడ్డ రైతుకు మాత్రం ఇవి పంట చేతికొస్తుందా రాదా అన్న ప్రశ్నలు. ఆస్పత్రిలో అత్యవసర విభాగం డాక్టరుకైతే మనిషి దక్కుతాడా దక్కడా అన్న ప్రశ్నలు. చెరువు నీటిలో జరిగేదీ, మన ఒంట్లో రక్తంలో జరిగేదీ రసాయనశాస్త్రం ప్రకారం ఒక్కటే. ఆ సంగతి మీకు విడమరిచి చెప్పాలని నా ఆశ.

ముందు మొదటి మాట, ఆమ్లం. నిమ్మరసం, చింతపండు పులుసు, పుల్లమజ్జిగ నాలుకకు తగలగానే పులుపు తెలుస్తుంది. ఆ పులుపు హైడ్రోజన్ అయాన్లది. నీళ్లలో హైడ్రోజన్ అయాన్లను వదిలేది ఆమ్లం. వాటిని పట్టుకునేది క్షారం. సున్నం, చాకలి సోడా, బట్టల సబ్బు, ఇవన్నీ క్షారం వైపువి. మళ్లీ చెబుతాను. వదిలేది ఆమ్లం. పట్టుకునేది క్షారం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మరి నీళ్లలో ఆ హైడ్రోజన్ అయాన్లు ఏ పాటి ఉన్నాయో చెప్పే కొలతే పీహెచ్. మామూలుగా 0 నుంచి 14 దాకా లెక్క. నడిమధ్య 7. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. నిమ్మరసం 2కు కాస్త పైన ఉంటుంది. పాలు ఆరున్నర. సముద్రపు నీరు 8 దాటి కొంచెం. సున్నపు తేట 12 పైమాటే.

ఈ కొలతతో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఈ కొలతలో ఒక మెట్టు అంటే పది రెట్లు. పీహెచ్ 7 నుంచి 6కు దిగితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. 5కు దిగితే నూరు రెట్లు. చెరువు పీహెచ్ 8 నుంచి 9కి వెళ్లిందని విన్నప్పుడు, ‘ఒకటే కదా పెరిగింది’ అని ఊరుకోకూడదు. ఒకటి పెరగడమంటే పది రెట్ల మార్పు.

ఈ కొలతను మనకు ఇచ్చినవాడు డెన్మార్క్ దేశపు శాస్త్రవేత్త సోరెన్ సోరెన్‌సెన్. కోపెన్‌హాగెన్ నగరంలో కార్ల్స్‌బర్గ్ అనే బీరు కంపెనీకి సొంత ప్రయోగశాల ఉంది. 1909లో ఆయన ఈ కొలతను ప్రకటించింది ఆ ప్రయోగశాల నుంచే. బీరు తయారీలో ఎంజైములదే పెత్తనం. నీటిలో పులుపు కొంచెం అటూ ఇటూ అయితే చాలు, ఎంజైము పనితీరు మారిపోతుంది. అందుకని సోరెన్‌సెన్‌కు పులుపును కచ్చితంగా చెప్పే ఒక అంకె కావలసి వచ్చింది. ఆ అంకెతో పాటు ఆయనకు ఇంకొకటి కూడా కావలసి వచ్చింది. ప్రయోగం జరుగుతున్నంతసేపూ పీహెచ్ జరగకుండా నిలిచి ఉండే ద్రావణాలు. అంటే బఫర్ ద్రావణాలు. ఆయన పేరుతో పిలిచే ఫాస్ఫేట్ బఫర్‌ను ఇప్పటికీ ప్రయోగశాలల్లో కలుపుకుంటున్నారు. మలేరియా పరీక్షకు గాజు పలక మీద పూసిన రక్తానికి రంగు వేసేటప్పుడు కూడా 7.2 పీహెచ్ దగ్గర నిలిచే బఫర్ నీళ్లే వాడతారు. ఆ నీళ్లు పులుపు వైపు జరిగితే మలేరియా పరాన్నజీవికి రంగు సరిగా పట్టదు. జబ్బు ఉన్నా కంటికి ఆనకపోవచ్చు.

బఫర్ అంటే ఏమిటో మాటల్లో చెప్పేకంటే చేసి చూసుకుంటే బాగా తెలుస్తుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లతో చేయించండి. పెరట్లోనో పక్కింటి కంచె మీదో నీలం శంఖుపూలు దొరుకుతాయి. నాలుగైదు పూలు వేడి నీళ్లలో వేస్తే నీలి రంగు దిగుతుంది. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. రెండింటిలోనూ ఫిల్టరు నుంచి వచ్చిన ఆర్వో నీళ్లు సగం దాకా పోయండి. పూల రంగు రెండింటిలోనూ కలపండి. ఇప్పుడు ఒక గ్లాసులో మాత్రం చిటికెడు వంట సోడా వేసి కరిగించండి. రెండో దాంట్లో ఏమీ వేయకండి.

ఇక నిమ్మకాయ పిండండి, చుక్క చుక్కగా. ఉత్త నీళ్ల గ్లాసు చూడండి. కొద్ది చుక్కలకే నీలం కాస్తా ఊదా రంగులోకి తిరుగుతుంది. అదే చేత్తో సోడా కలిపిన గ్లాసులోనూ పిండండి. సన్నని బుడగలు లేస్తాయి. రంగు మాత్రం నీలంగానే ఉంటుంది. ఇంకా పిండండి. ఇంకా నీలమే. చెంచాడు రసం పడే దాకా ఆ గ్లాసు తట్టుకుంటుంది. ఆ తరువాత ఉన్నట్టుండి, కొద్ది చుక్కల తేడాలో, రంగు మారిపోతుంది.

రెండు గ్లాసుల్లోనూ పడింది ఒకే నిమ్మరసం. ఒకటి వెంటనే లొంగింది. ఇంకొకటి చాలాసేపు నిలిచింది. అలా నిలబెట్టిందే బఫర్. మూడో గ్లాసులో మీ ఊరి బోరు నీళ్లు పోసి చూడండి. ఆర్వో నీళ్ల కన్నా అవి ఎక్కువ చుక్కలు తట్టుకుంటాయి. ఎందుకంటే బోరు నీళ్లలో బైకార్బనేట్ సహజంగానే ఉంటుంది. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర దాని ఆనవాలే.

ఇంతకీ సోడా గ్లాసులో జరిగింది ఏమిటి? వంట సోడా అంటే సోడియం బైకార్బనేట్. నిమ్మరసం వదిలిన హైడ్రోజన్ అయాన్లను బైకార్బనేట్ పట్టేసుకుంది. పట్టుకుని కార్బానిక్ ఆమ్లంగా మారింది. అది బలహీనమైన ఆమ్లం. అందులో ఎక్కువ భాగం నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోయింది. మీరు చూసిన బుడగలు అవే. దీనికి తిరుగు ప్రయాణం కూడా ఉంది. నీళ్లలోకి క్షారం వచ్చి పడితే ఈ కార్బానిక్ ఆమ్లమే హైడ్రోజన్ అయాన్లను వదిలి దాన్ని సర్దేస్తుంది. ఒక బలహీనమైన ఆమ్లం, దానికి జోడైన ఉప్పు, రెండూ పక్కపక్కన ఉంటే అది బఫర్. ఎక్కువైతే పట్టుకుంటుంది. తక్కువైతే వదులుతుంది.

అయితే ఈ నిలకడకు ఒక హద్దు ఉంది. దాన్ని మరిచిపోవద్దు. ఈ పూట ఇంట్లో వంట అయిందా లేదా అన్నది పీహెచ్. గాదెలో ధాన్యం ఎంత మిగిలింది అన్నది బఫర్. వంట రోజూ సాగుతూనే ఉంటుంది, గాదె అడుగంటే దాకా. గాదె ఖాళీ అయిన రోజు ఒక్కసారిగా తెలిసివస్తుంది. సోడా గ్లాసులో రంగు ఉన్నట్టుండి మారింది అందుకే. కాబట్టి పీహెచ్ ఒక్కటే చూస్తే చాలదు. బఫర్ ఎంత మిగిలి ఉందో కూడా చూడాలి. ఈ మాట ఈ ప్రసంగంలో మళ్లీ మళ్లీ చెబుతాను. రెండింటిలో ఒక్కటే చూసి ఒకచోట డాక్టర్లే పొరబడ్డారు.

ఆ కథ కూడా కోపెన్‌హాగెన్‌దే. కథలోకి వెళ్లేముందు మన రక్తం గురించి రెండు ముక్కలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యలో ఉంటుంది. ఎంత ఇరుకు దారో చూడండి. మనం ఆవకాయ తిన్నా, నిమ్మరసం తాగినా రక్తం ఆ గీత దాటదు. దాన్ని అలా పట్టి ఉంచే వాటిలో ముఖ్యమైనది బైకార్బనేటే. మీ వంటింట్లో సోడా డబ్బాలో ఉన్న అదే బైకార్బనేట్. రక్తంలో దీనికి రెండు తోడ్పాట్లు ఉన్నాయి. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపిస్తాయి. మూత్రపిండాలు బైకార్బనేట్ నిల్వను సరిచూస్తాయి.

1952 వేసవి. కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ అనే అంటువ్యాధుల ఆస్పత్రికి రోగులు వచ్చిపడుతున్నారు. వాళ్లలో పిల్లలే ఎక్కువ. ఆ పోలియో కాళ్లూ చేతులతో ఆగలేదు. మింగే కండరాలు, ఊపిరి తీసే కండరాలు కూడా చచ్చుబడ్డాయి. ఊపిరాడించే యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. మొదటి మూడు వారాల్లో యంత్రం పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు.

డాక్టర్లు రక్తం పరీక్ష చేయిస్తే బైకార్బనేట్ చాలా ఎక్కువగా ఉందని తేలింది. బైకార్బనేట్ క్షారం వైపుది కదా. అందుకని రక్తం క్షారంగా మారిందేమో అనుకున్నారు. ఎందుకలా మారిందో అంతు పట్టలేదు. అప్పుడు సలహా కోసం బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరును పిలిచారు. ఆయన వేరే మాట చెప్పాడు. పిల్లలు ఊపిరి సరిగా వదల్లేకపోతున్నారు. కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుపోతోంది. అది రక్తంలో కార్బానిక్ ఆమ్లం అవుతోంది. ఆ ఆమ్లాన్ని సర్దడానికే బైకార్బనేట్ పెరిగింది. అంటే ఇది క్షారం కాదు, ఆమ్లం.

తేల్చుకోవడానికి దారి ఒక్కటే, రక్తం పీహెచ్ కొలవడం. ఆస్పత్రి ప్రయోగశాలలో పౌల్ ఆస్ట్రప్ ఆ పని చేశాడు. పీహెచ్ కిందికి పడిపోయి ఉంది. ఇబ్సెన్ చెప్పిందే నిజం. అంతకు 43 ఏళ్ల ముందు అదే ఊళ్లో, బీరు ఎంజైముల కోసం పుట్టిన కొలత ఆ రోజు పిల్లల మంచాల దగ్గరికి వచ్చింది.

ఆగస్టు 27న పన్నెండేళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి ఆడించారు. ఆ పిల్ల నిలబడింది. మరి మిగతా వాళ్లకో? యంత్రాలు లేవు. వైద్యవిద్యార్థులను పిలిచారు. కొన్ని నెలల్లో దాదాపు 1500 మంది వంతులవారీగా వచ్చి, మంచం పక్కన కూర్చుని, రాత్రీ పగలూ చేత్తో సంచి నొక్కారు. పదిమందిలో ఎనిమిది మందికి పైగా చనిపోతున్న జబ్బులో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆ మరుసటి ఏడాది, 1953 చివర్లో, ఇబ్సెన్ అదే నగరంలో ఒక ప్రత్యేక వార్డు తెరిచాడు. మనం ఇవాళ ఐసీయూ అంటున్న దానికి మొదటి రూపాల్లో అది ఒకటి. వైద్య చరిత్రలో ఇంతకన్నా నా మనసుకు దగ్గరైన ఘట్టం లేదు. ఒక పీహెచ్ అంకె, పసివాళ్ల పక్కన రాత్రుళ్లు మేలుకున్న విద్యార్థుల చేతులు, ఈ రెండూ కలిసి అన్ని ప్రాణాలను నిలబెట్టాయి.

డాక్టర్లు బైకార్బనేట్ ఒక్కటే చూశారు, పొరబడ్డారు. పీహెచ్ కూడా చూశాక నిజం బయటపడింది. రెండూ కలిపి చూడాలి.

షుగరు జబ్బు ఉన్నవాళ్ల ఇళ్లలో ఇప్పుడు చెప్పేది ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. ఇన్సులిన్ మానేసినప్పుడో, పెద్ద జ్వరం వచ్చినప్పుడో కొందరికి ఒంట్లో కీటోన్ అనే ఆమ్లాలు పెరిగిపోతాయి. బైకార్బనేట్ నిల్వ కరిగిపోతుంది. అప్పుడు మనిషి లోతుగా, వేగంగా ఊపిరి తీస్తాడు. కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసి పీహెచ్‌ను కాపాడుకోవడానికి ఒళ్లు పడే పాట్లు అవి. మామూలు ఆయాసమే కదా అని ఇంట్లో కూర్చోబెట్టకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంకో మాట. క్షార జలం తాగితే రక్తం క్షారంగా మారుతుందని చెప్పి సీసాలు అమ్ముతున్నారు. కడుపులోని ఆమ్లం చాలా గట్టిది. ఆ నీళ్లు అక్కడే సర్దుకుపోతాయి. మీ రక్తం సంగతి మీ బైకార్బనేటూ ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ చూసుకుంటాయి. ఆ డబ్బు దండగ.

ఇక చెరువు దగ్గరికి వద్దాం. పశ్చిమ గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల్లో వింటున్న రైతు సోదరులారా, ఇక్కడి నుంచి మాట మీతోనే.

మీ చెరువు నీటికి పచ్చరంగు ఇచ్చే ప్లాంక్టన్ ఉంది కదా. ఎండ ఉన్నంతసేపూ అది నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ అంటే నీళ్లలో ఆమ్లం. దాన్ని తీసేస్తే పీహెచ్ పైకి పోతుంది. పొద్దు గూకాక ప్లాంక్టనూ, రొయ్యా, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులూ అన్నీ ఊపిరి వదులుతూనే ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పీహెచ్ దిగుతుంది. అందుకే తెల్లవారకముందు పీహెచ్ బాగా తక్కువ. మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో బాగా ఎక్కువ. బ్లెగ్‌డామ్ పిల్లల రక్తంలో జరిగింది, మీ చెరువులో ప్రతి రాత్రీ కొంచెం కొంచెంగా జరుగుతుంది.

ఇప్పుడు పక్కపక్కన రెండు చెరువులు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో ఆల్కలినిటీ 40 పీపీఎం. రెండోదాంట్లో 150. ఆల్కలినిటీ అంటే నీటిలోని బైకార్బనేట్, కార్బనేట్ నిల్వ. అంటే మన గాదె. పొద్దున పదింటికి వెళ్లి కొలిస్తే రెండు చెరువుల్లోనూ పీహెచ్ 8 చూపించవచ్చు. రైతు రెండూ బాగున్నాయనుకుని ఇంటికి వెళ్తాడు. కానీ మొదటి చెరువు తెల్లారుజామున 7.2 దగ్గర ఉండి వచ్చింది, మధ్యాహ్నానికి 9.4కు పోబోతోంది. రెండోది 7.8 నుంచి 8.3 దాకా, అంతలోనే తిరుగుతుంది. పదింటి అంకె రెండింటికీ ఒకటే. బతుకు వేరు. పీహెచ్ ఒక్కటే చూస్తే చాలదు అన్నది ఇందుకే.

పీహెచ్ ఎక్కువైతే రొయ్యకు ఏమవుతుంది? ఇక్కడ అమ్మోనియా సంగతి తెలియాలి. తినగా మిగిలిన మేత నుంచి, రొయ్యల మలం నుంచి నీటిలోకి అమ్మోనియా వస్తుంది. అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయని అయాను రూపం. రెండోది మొప్పల గుండా లోపలికి వెళ్లే విషపు రూపం. ఏది ఎంత ఉండాలో పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషపు రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8 దగ్గర సుమారు ఐదు వంతులు. 9 దగ్గర మూడో వంతు పైగా. మన వేసవి నీళ్లు అంతకన్నా వేడి కాబట్టి ఇంకా ఎక్కువే ఉంటుంది. గమనించండి. చెరువులోకి కొత్తగా అమ్మోనియా ఏమీ రాలేదు. పొద్దున ఉన్నదే, మధ్యాహ్నానికి విషమైంది. పీహెచ్ మారినందుకే.

ఆల్కలినిటీ ఒకసారి సరిపోయింది కదా అని పంట చివరిదాకా ధీమాగా ఉండలేం. రొయ్య గుల్ల విడిచి కొత్త గుల్ల కట్టుకోవాలంటే నీటిలోని కాల్షియాన్ని, బైకార్బనేట్‌ను వాడుకుంటుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు కూడా ఆల్కలినిటీని తింటాయి. పెద్ద వాన పడితే నీరు పలచబడుతుంది. ఏ కాలుష్యమూ లేని వాన నీటికే పీహెచ్ ఐదున్నర పైన కొంచెం ఉంటుంది. దాంట్లో నిల్వ అంటూ దాదాపు ఏమీ ఉండదు.

ఆల్కలినిటీ కొలవడం కష్టమేమీ కాదు. కిట్లు దొరుకుతాయి. చెరువు నీటిలో రంగు మందు వేసి, ఆమ్లం చుక్కలు వేస్తూ, రంగు మారేదాకా ఎన్ని పడ్డాయో లెక్కపెట్టడమే. శంఖుపూల గ్లాసులో నిమ్మరసంతో మనం చేసింది ఇదే పరీక్ష.

నిల్వ పెంచడానికి చెరువులో వేసే వాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది సున్నం. కాల్చిన సున్నం, తడిపిన సున్నం బలమైన క్షారాలు. పిల్ల వదలకముందు, ఎండగట్టిన చెరువు అడుగున వాటి పని వాటికి ఉంది. పంట నడుస్తున్న చెరువులో, మిట్టమధ్యాహ్నం, పీహెచ్ అప్పటికే 9 దాటిన నీళ్లలో ఆ సున్నం గుమ్మరిస్తే పీహెచ్ ఇంకా పైకి ఎగురుతుంది. ఉన్న అమ్మోనియాలో ఎక్కువ భాగం విషం వైపు తిరుగుతుంది. సున్నపురాయి పొడి అంత ప్రమాదం చేయదు. కానీ పీహెచ్ 8 దాటిన నీళ్లలో అది సరిగా కరగదు. వంట సోడా కలిపితే పీహెచ్ పెద్దగా పెరగదు, నిల్వ మాత్రం పెరుగుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ పని త్వరగా జరుగుతుంది. ఏది, ఎంత, ఎప్పుడు అన్నది మీ నీటి పరీక్ష చూసి, తెలిసిన సాంకేతిక నిపుణుణ్ణి అడిగి తేల్చుకోండి. పక్క చెరువాయన ఎన్ని బస్తాలు వేశాడో చూసి వేయకండి. ఆయన నీళ్లు వేరు, మీ నీళ్లు వేరు.

రేపటి నుంచి మీరు చేయవలసింది ఇది. తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పీహెచ్ కొలవండి. రెండింటికీ తేడా అరకు మించితే జాగ్రత్త పడండి. వారానికి ఒకసారి, పెద్ద వాన పడ్డ మర్నాడు తప్పకుండా ఆల్కలినిటీ చూడండి. వనామీ రొయ్యల చెరువులో అది 100 పీపీఎం కిందికి పోనీయకండి. పోతే ఒక్క రోజులో కాక, కొన్ని రోజుల్లో మెల్లగా పెంచండి. మేత లెక్క రాసుకునే పుస్తకంలోనే పీహెచ్‌కు ఒక గడి, ఆల్కలినిటీకి పక్కన ఇంకో గడి గీసుకోండి. ఆ రెండో గడిని ఖాళీగా వదలకండి.